నలభై దాటాక తెరచాప పడవ: ఎదురుగాలికి పోవడం ఎప్పటికి వస్తుంది?

వడ్డేపల్లి కట్ట
అందరికీ నమస్కారం. మాది హన్మకొండ. వయసు 42, ల్యాబ్ టెక్నీషియన్‌ని. జనవరి నుంచి హైదరాబాద్ వెళ్లి హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకుంటున్నాను. నెలకు రెండు ఆదివారాలు. కాజీపేటలో పొద్దున బండి ఎక్కి సికింద్రాబాద్‌లో దిగడం, రాత్రికి ఇల్లు చేరడం. ఇప్పటికి పదకొండు సార్లు నీళ్ల మీదికి వెళ్లాను.

గాలి పక్క నుంచి వస్తుంటే పడవ బాగానే పోతుంది, తిరిగి కూడా వస్తాను. ఎదురుగాలికి పోవాలంటేనే నా వల్ల కావడం లేదు. అటూ ఇటూ మలుపులు తిప్పుతూ ముందుకు పోతున్నానని అనుకుంటాను. తీరా చూస్తే బయల్దేరిన చోటే ఉంటాను. మలుపు మధ్యలో పడవ గాలికి ఎదురుగా నిలబడిపోయి, చాప పటపటా కొట్టుకుంటూ, ఏం చేయాలో తోచక కూర్చున్న రోజులున్నాయి. జూన్ మొదటి వారంలో గాలి పెరిగింది, పడవ బోల్తా పడింది. సేఫ్టీ బోటు వాళ్లు వచ్చి లేపారు. అప్పటి నుంచి గాలి కొంచెం గట్టిగా వీస్తే చాలు, టెన్షన్ మొదలవుతుంది. పక్కనే పదేళ్ల పిల్లలు చిన్న ఆప్టిమిస్ట్ పడవల్లో గాలికి ఎదురెక్కి పోతుంటే, నిజంగా కళ్లలో నీళ్లు వచ్చాయి.

ఏదో ఒకసారి నడిపాను అనిపించుకోవడం నాకు వద్దు. బాగా నేర్చుకోవాలి. ఇంత దూరం నుంచి నెలకు రెండు సార్లు వెళ్లే మనిషికి అది కుదురుతుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కాజీపేట జంక్షన్
చెల్లెమ్మా, కుదురుతుంది. నేను 44వ ఏట మొదలుపెట్టాను, ఇప్పుడు 52. రెండేళ్లు నాకూ ఎదురుగాలి దగ్గరే బండి ఆగిపోయింది. అందుకే వివరంగా రాస్తున్నాను.

మనం నడిపే చిన్న పడవలు గాలి వచ్చే దిక్కుకి అటు సుమారు 45 డిగ్రీలు, ఇటు సుమారు 45 డిగ్రీల లోపలికి పోలేవు. ఇది మీకు మొదటి రోజే చెప్పి ఉంటారు. చెప్పగానే మనం ఏం చేస్తాం? ఆ గీతకి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా పోదామని తాడు బిగబట్టి, పడవ ముక్కుని గాలి వైపు గుచ్చి పెడతాం. ముక్కు సరైన దిక్కులోనే ఉన్నట్టు కనిపిస్తుంది. పడవ మాత్రం పక్కకి కొట్టుకుపోతూ ఉంటుంది. పడవ అడుగు నుంచి నీళ్లలోకి దిగి ఉండే పలక, అదే డాగర్‌బోర్డ్, దాని చుట్టూ నీళ్లు వేగంగా పారితేనే అది పడవని పక్కకి జారకుండా పట్టుకుంటుంది. వేగం పోయిందంటే ఆ బోర్డు ఉత్త చెక్క. తడి చింతగింజని రెండు వేళ్ల మధ్య నొక్కితే ముందుకు జారుతుంది చూడండి, పైన చాప మీద గాలి, కింద బోర్డు మీద నీళ్లు కలిసి పడవని అలాగే ముందుకు తోస్తాయి. ఒక వేలు తీసేస్తే గింజ ఎక్కడికీ పోదు.

కాబట్టి ముందు వేగం, ఆ తర్వాతే ముక్కు. గీతకి ఐదు, పది డిగ్రీలు దిగువగా నడపండి. దారి కొంచెం ఎక్కువైనట్టు అనిపిస్తుంది, కానీ మలుపు తిరిగే సమయానికి పడవలో ఊపు ఉంటుంది. మలుపు మధ్యలో నిలబడిపోవడానికి పదింటిలో తొమ్మిది సార్లు కారణం, ఊపు లేకుండా మలుపు మొదలుపెట్టడమే.

తాడు సంగతి. చిన్నప్పుడు సంక్రాంతికి పతంగి ఎగరేసి ఉంటే మీ చేతికి ఇది ముందే తెలుసు. గాలి గట్టిగా కొట్టినప్పుడు డీల్ ఇస్తాం, గాలి తగ్గినప్పుడు గుంజుతాం. దారం ఎప్పుడూ ఒకేలా బిగబట్టి ఉంచేవాడి పతంగి నిలబడదు. చాప తాడు కూడా అంతే. కొయ్య (చాప కట్టే నిలువు స్తంభం) వైపు ఉన్న చాప అంచు చూస్తూ ఉండండి. అది అల్లాడేదాకా తాడు వదలండి, అల్లాట ఆగేదాకా గుంజండి, అక్కడ ఆపండి. అర నిమిషానికోసారి మళ్లీ వదిలి చూడండి. పిల్లలు మనకంటే తొందరగా నేర్చుకోవడానికి ఇదే కారణమని నా నమ్మకం. వాళ్లు ఆలోచించరు, చేయి ఆడిస్తూనే ఉంటారు. మనం ఒక లెక్క నేర్చుకుని దాన్నే పట్టుకుని కూర్చుంటాం.

ఇంకొక్కటి. మీ పేరు చూస్తే పొద్దున వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడుస్తారేమో అనిపిస్తోంది. సగం సెయిలింగ్ అక్కడే నేర్చుకోవచ్చు. నేను అలాగే నేర్చుకున్నాను. పది నిమిషాలు ఆగి నీళ్లని చూడండి. గరుకుగా, ముదురు రంగులో ఒక మచ్చ నీటి మీద కదిలి వస్తుంటుంది. అదే గాలి తెర. మీ మొహానికి ఎప్పుడు తగులుతుందో ముందే చెప్పడానికి ప్రయత్నించండి. మొదటి వారం అన్నీ తప్పుతాయి. నెల రోజుల్లో చెప్పగలుగుతారు. పడవలో ఉన్నప్పుడు గాలి తెర వచ్చి కొట్టాక చేయి కదిలిస్తే ఆలస్యం. రాకముందే సిద్ధంగా ఉన్నవాళ్ల పడవ ఒరగదు, ముందుకు దూకుతుంది.

మానేరు గాలి
అన్నా, మాది కరీంనగర్. ఒక డౌట్. లోయర్ మానేరు డ్యామ్ 24 టీఎంసీల జలాశయం, సాయంత్రం కట్ట మీద నిలబడితే గాలి చొక్కా ఊడబెరికేట్టు వస్తుంది. ఇంత నీళ్లు, ఇంత గాలి ఇక్కడ పెట్టుకుని హైదరాబాద్ దాకా ఎందుకు పోవాలి? నేను లేజర్ అనే ఒంటరిగా నడిపే తెరచాప పడవ, పాతది ఒకటి కొనాలని చూస్తున్నాను. ఇక్కడే దించుకోవచ్చా?

కాజీపేట జంక్షన్
తమ్మీ, కోరిక మంచిదే. కానీ నేర్చుకునే దశలో ఒంటరిగా ఏ జలాశయంలోనూ దిగవద్దు. పడవ కొనడం తేలిక, దాన్ని కాపు కాసే మోటారు బోటు, అందులో మనిషి, అదీ అసలు ఖర్చు. బోల్తా పడ్డాక అలసిపోతే నిన్ను తెచ్చేది ఎవరు? పైగా అది తాగునీటి జలాశయం, నీటిపారుదల శాఖ అనుమతి సంగతి ముందు కనుక్కోకుండా పడవ దించవద్దు.

పాకాల పిల్లగాలి
నేను సెయిలింగ్ చేయలేదు, కానీ చెరువుల గురించి చెప్పగలను. మాది నర్సంపేట దగ్గర, చేపలు పట్టే కుటుంబం. థర్మాకోల్ తెప్ప మీద పెరిగాను.

మానేరు తమ్ముడికి చెప్పేది ఒకటే. నీళ్లు పైనుంచి చూస్తే ఒకటే పలకలాగా ఉంటాయి, కింద అలా ఉండవు. మా వైపు చెరువుల్లో నీళ్లు నిండినప్పుడు శిఖం భూముల్లో తుమ్మ చెట్లు మునుగుతాయి, మోడులు నీళ్ల కింద చేతికందే లోతులో ఉంటాయి. మీరు చెప్పే డాగర్‌బోర్డ్ పడవ కింద రెండున్నర అడుగులు దిగి ఉంటుందట కదా, అది మోడుకి తగిలితే విరుగుతుంది. ఇక వలలు. సాయంత్రం వేసి పొద్దున తీస్తాం. ఖాళీ ప్లాస్టిక్ బాటిళ్లు తేలుతుంటే కింద వల ఉందని గుర్తు. బోర్డుకో చుక్కానికో వల చుట్టుకుంటే పడవ ఆగిపోతుంది, ఆ వల తెగితే ఒక ఇంటికి వారం సంపాదన పోయినట్టు. ఏ నీళ్లలో దిగాలన్నా ముందు అక్కడి మత్స్య సహకార సంఘం వాళ్లతో కూర్చుని మాట్లాడండి. మోడులు ఎక్కడ, వలలు ఎక్కడ, లోతు ఎక్కడ అని వాళ్లకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

గాలి సంగతికి వస్తే, కాజీపేట అన్న చెప్పింది మా అమ్మమ్మని గుర్తుకు తెచ్చింది. కల్లంలో తూర్పార పట్టేటప్పుడు ఆమె చేట ఎత్తి పట్టుకుని కదలకుండా నిలబడేది. చేతులు నొప్పి పుట్టినా వంచేది కాదు. గట్టు మీద తాటి ఆకు గలగలమనగానే వడ్లు వదిలేది. గాలి కల్లం దాకా వచ్చేసరికి వడ్లు గాల్లో ఉండేవి. పొల్లు అటు, గింజ ఇటు. గాలి రాకముందే వదలాలి అని నాకు చిన్నప్పుడే చెప్పింది. తెప్ప మీద కూడా అదే పనికొచ్చింది.

వడ్డేపల్లి కట్ట
పాకాల అన్నా, మీరు రాసింది రెండు సార్లు చదివాను. మా నాయనమ్మ కూడా అలాగే నిలబడేది. ఇన్నాళ్లూ ఆ రెంటికీ సంబంధం ఉందని తట్టలేదు.

బోల్తా భయం గురించి ఎవరైనా చెప్పండి. నీళ్లలో పడ్డప్పుడు తాడు కాలికి చుట్టుకుంది. అదే కళ్ల ముందు తిరుగుతోంది.

జనగామ సరంగు
నేను చాలా ఏళ్లుగా పెద్దవాళ్లకి సెయిలింగ్ నేర్పుతున్నాను, పుట్టింది జనగామ. మేడమ్, మీ భయం సరైనదే. దాన్ని తోసేయకండి, దాని మీద పని చేయండి.

గాలి తక్కువగా ఉన్న రోజు, సేఫ్టీ బోటు పక్కనే ఉండగా, కావాలని బోల్తా కొట్టండి. ఒక్క పూటలో నాలుగు సార్లు. ముందుగానే ఇన్‌స్ట్రక్టర్‌కి చెప్పి చేయండి. పడగానే మొదటి పని పడవని వదలకపోవడం. ఈదుకుంటూ ఒడ్డుకు పోదామనుకోవద్దు, పడవ తేలుతుంది, దూరం నుంచి కనబడుతుంది, మనిషి తల కనబడదు. రెండో పని చాప తాడు క్లీట్‌లో (తాడుని పట్టి ఉంచే బిగింపులో) బిగుసుకుని ఉంటే విప్పేయడం. తాడు బిగిసి ఉండగా పడవ లేపితే, లేచిన వెంటనే చాపలో గాలి నిండి అవతలి పక్కకి పడుతుంది. తర్వాత చుట్టూ ఈది డాగర్‌బోర్డ్ దగ్గరికి వచ్చి, దాని మీద బరువు వేయండి. బోర్డు చివర కాకుండా పడవకి దగ్గరగా నిలబడండి, చివర నిలబడితే విరిగే ప్రమాదం ఉంది. కొయ్య నీళ్లలోంచి మెల్లగా లేస్తుంది. పడవ ముక్కు గాలి వైపు తిరిగి ఉంటే పని సగం తేలిక.

పెద్దవాళ్లకి కష్టమయ్యేది లేపడం కాదు, మళ్లీ పడవ ఎక్కడం. చేతులతో పైకి లాక్కోబోతే బలం చాలదు. కాళ్లు వెనక్కి చాపి ఈత కొట్టినట్టు తన్నుతూ, ఒళ్లంతా నీటి మీద అడ్డంగా వచ్చాక, పడవ లోపల కాళ్లు తగిలించే పట్టీ అందుకుని బొర్లా జారాలి. దీన్ని స్విమ్మింగ్ పూల్ గట్టు మీద కూడా సాధన చేయొచ్చు. మెట్లు వాడకుండా రోజూ గట్టు ఎక్కండి.

తాడు కాలికి చుట్టుకోవడం గురించి. మిగిలిన తాడు ఎప్పుడూ కాళ్ల కింద కుప్ప పడుతుంది. ప్రతి మలుపు తర్వాత ఒక్కసారి పాదంతో దాన్ని పక్కకి నెట్టే అలవాటు చేసుకోండి. పడినా, తొందరపడి కాలు గుంజకండి. గుంజితే బిగుస్తుంది. లైఫ్ జాకెట్ మిమ్మల్ని పైకే పట్టుకుంటుంది, నిదానంగా తీసుకోవచ్చు.

మీరు ఏ చాప వాడుతున్నారు?

వడ్డేపల్లి కట్ట
లేజర్ రేడియల్ సార్. నా బరువు 56 కిలోలు.

జనగామ సరంగు
ఇప్పుడు దాన్ని ఐఎల్‌సీఏ 6 అంటున్నారు. పడవ ఒకటే, సుమారు 4.2 మీటర్ల పొడవు, చాపలే మూడు రకాలు. పెద్దది 7.06 చదరపు మీటర్లు, మీది 5.76, చిన్నది 4.7. జనవరి, ఫిబ్రవరి గాలికి మీ బరువుకి రేడియల్ సరిపోయింది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలులు వేరు. ఆ గాలులు తగ్గేదాకా 4.7 చాప అడిగి తీసుకోండి. పిల్లల చాప అని మొహమాటపడకండి. పడవ నిటారుగా ఉన్నప్పుడే చేయి నేర్చుకుంటుంది. ఒరిగిన పడవలో మనిషి ప్రాణం కాపాడుకోవడం తప్ప ఏమీ నేర్చుకోడు.

అలాగే దారి హక్కు నోటికి వచ్చేదాకా అనుకోండి. ముందుకు చూస్తూ కూర్చున్నప్పుడు గాలి మీ కుడి వైపు నుంచి వస్తుంటే హక్కు మీది, ఎడమ వైపు నుంచి వస్తుంటే తప్పుకోవాల్సింది మీరు. ఇద్దరికీ ఒకే వైపు నుంచి వస్తుంటే గాలికి ఎగువన ఉన్నవాళ్లు తప్పుకోవాలి. హైదరాబాద్ సెయిలింగ్ వీక్ పోటీలకి సాధన మొదలైతే సాగర్ నిండా పడవలు ఉంటాయి.

కాజీపేట జంక్షన్
సరంగు సార్, చాప విషయంలో నాది వేరే మాట. చిన్న చాపకి అలవాటు పడితే మళ్లీ పెద్దదానికి మారడానికి నాకు ఏడాది పట్టింది. రేడియల్‌తోనే ఉండి, గాలి తక్కువగా ఉండే పొద్దున పూట బయటికి వెళ్లడం మేలు కదా?

జనగామ సరంగు
వారంలో నాలుగు రోజులు వెళ్లగలిగితే మీ మాటే సరి. ఈమె నెలకు రెండు రోజులే వెళ్తున్నారు. పొద్దున గాలి లేదని ఒక పూట పోతే ఆ నెలలో సగం పోయినట్టు. దొరికిన ప్రతి గంటా పడవ కదలాలి.

కాజీపేట జంక్షన్
ఆ లెక్క నేను వేసుకోలేదు. ఒప్పుకుంటున్నాను.

ఫిజియో పరకాల
నాలుగు మాటలు. నడుము కంటే ముందు తొడలు బలంగా ఉండాలి, గోడకి ఆనుకుని కుర్చీలో కూర్చున్నట్టు నిలబడే వ్యాయామం రోజూ చేయండి. చేతికి, కాలికి చిన్న గాయం ఉన్నా వాటర్‌ప్రూఫ్ టేపు వేసుకోండి. నగరం మధ్య చెరువు నీళ్లలో లెప్టోస్పైరోసిస్ (ఎలుక జ్వరం) లాంటివి గాయాల గుండా వస్తాయి, నీళ్లు నోట్లోకి పోనివ్వకండి. ఇంటికి వచ్చాక నెల రోజుల లోపు జ్వరం వస్తే డాక్టర్‌కి చెరువులో దిగిన సంగతి తప్పకుండా చెప్పండి. నీటి మీద ఎండ రెండింతలు అనిపిస్తుంది, నీళ్లు తాగుతూ ఉండండి.

మానేరు గాలి
నేను ఇంతకు ముందు ఒకచోట రెండు రోజుల కోర్సు చేశాను. ఇన్‌స్ట్రక్టర్ మోటారు బోటులోంచి అరుస్తూనే ఉన్నాడు, ఏం తప్పు చేశానో చెప్పలేదు. మానేసింది అందుకే. ఇక్కడ చదివాక మళ్లీ మొదలుపెట్టాలనిపిస్తోంది. పడవ ఇప్పుడే కొనను. ఇంట్లో ఏమైనా సాధన చేయొచ్చా?

జనగామ సరంగు
చేయొచ్చు. చీపురు కర్ర, పది అడుగుల తాడు, ఒక బల్ల చాలు. బల్ల మీద పక్కకి కూర్చుని, కర్రని టిల్లర్ (చుక్కాని తిప్పే పిడి) పొడిగింపులాగా వెనక చేతిలో, తాడు ముందు చేతిలో పట్టుకో. మలుపు తిప్పి, తల వంచి, మొహం ముందుకే ఉంచి అవతలి వైపు కూర్చో. కర్ర వీపు వెనక ఉండగానే కొత్త చేత్తో అందుకో. తాడు ఒక్క క్షణం కూడా వదలకూడదు. రోజుకి ఇరవై సార్లు. నీళ్ల మీద ఒక పూటలో ఇరవై మలుపులు దొరకడం కష్టం. ఇంట్లో పది నిమిషాల పని. మలుపులో చేతుల గురించి ఆలోచించే అవసరం పోతే కళ్లు గాలిని చూడటానికి ఖాళీ అవుతాయి.

మలుపులో ఇరుక్కుపోతే కూడా ఒక పద్ధతి ఉంది. టిల్లర్‌నీ బూమ్‌నీ (చాప కింది అడ్డ కర్రనీ) రెండింటినీ నీ నుంచి అవతలికి తోసి ఆగు. పడవ వెనక్కి కదిలి పక్కకి తిరుగుతుంది. అప్పుడు రెండూ నీ వైపు లాక్కో. కదులుతుంది.

వడ్డేపల్లి కట్ట
(ఐదు వారాల తర్వాత)

అందరికీ చెప్పాలని ఇవాళ కూర్చున్నాను. ఈ మధ్య మూడు ఆదివారాలు వెళ్లాను.

మొదటి ఆదివారం 4.7 చాప తీసుకుని, ఇన్‌స్ట్రక్టర్‌కి చెప్పి నాలుగు సార్లు కావాలని బోల్తా కొట్టాను. మొదటిసారి చేతులు వణికాయి. రెండోసారి ఎక్కడం రాక పావుగంట పట్టింది. నాలుగోసారి ఎవరి సాయం లేకుండా లేపి, ఎక్కి, చాప సరిచేసుకుని బయల్దేరాను. ఆ రోజు రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఘట్‌కేసర్ దాటేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను.

రెండో ఆదివారం గాలి పడమర నుంచి, నెక్లెస్ రోడ్ వైపు నుంచి వచ్చింది. చెట్లు, భవనాల మధ్య నుంచి వస్తుంది కాబట్టి ఒక్కచోట నిలకడగా ఉండదు. బుద్ధుడి విగ్రహం వైపు నుంచి పడమటి ఒడ్డు దగ్గరి బోయా దాకా ఎదురెక్కాలి. నీటి మీద ముదురు మచ్చ రావడం ముందే కనబడింది. వెనక్కి వాలి, తాడు ఒక జానెడు వదిలాను. పడవ ఒరగలేదు, కింద నీళ్లు గలగలమన్నాయి. నాయనమ్మ చేట గుర్తుకొచ్చింది. ముందు తొమ్మిది మలుపులు తిప్పినా చేరని బోయాకి ఈసారి ఆరు మలుపుల్లో చేరాను. ముక్కుని గాలిలోకి గుచ్చకుండా వేగం చూసుకోవడమే తేడా. మలుపులో ఒక్కసారి ఇరుక్కున్నాను. సరంగు సార్ చెప్పినట్టు తోసి బయటపడ్డాను.

మూడో ఆదివారం మాత్రం వాలుగాలికి వస్తూ జైబ్ (గాలి వెనక నుంచి వస్తుండగా చాపని అవతలి వైపుకి మార్చే మలుపు) చేస్తే తాడు పడవ వెనక మూలకి తగులుకుంది. బూమ్ అవతలికి వెళ్లి ఆగిపోయింది, పడవ గిర్రున తిరిగింది. దానికి ఏం చేయాలి?

జనగామ సరంగు
మేడమ్, చాలా సంతోషం. లేజర్‌లో ఆ తాడు తగులుకోవడం అందరికీ ఉన్న బాధే. బూమ్ నెత్తి మీది నుంచి దాటుతున్న క్షణంలో తాడుని ఒక్కసారి చేతి నిండా గట్టిగా గుంజండి, వదులుగా ఉన్న తాడు నీళ్లలో పడకుండా పైకి లేస్తుంది. ఇంకోటి, పడవ వేగంగా పోతున్నప్పుడే జైబ్ చేయండి. వేగం ఉంటే చాప మీద గాలి తక్కువగా తగులుతుంది, బూమ్ మెత్తగా వస్తుంది. భయంతో వేగం తగ్గేదాకా ఆగితే అప్పుడే గట్టిగా కొడుతుంది.

పాకాల పిల్లగాలి
అక్కా, మీ ముచ్చట మా అమ్మకి చదివి వినిపించాను. ఒకసారి పడవ చూడాలంటోంది. సాగర్ ఒడ్డు నుంచి కనబడుతుందా?

వడ్డేపల్లి కట్ట
సంజీవయ్య పార్కు వైపు నుంచి బాగా కనబడుతుంది అన్నా. అమ్మని తీసుకురండి. ఈ ఆదివారం రైల్లో కాకుండా కారులో వెళ్తున్నాను, ఇద్దరికి చోటుంది. పొద్దున ఐదున్నరకి హన్మకొండ బస్టాండ్ దగ్గర ఉంటాను.

ఈరోజు కట్ట మీద రాసుకున్నది: ఉదయం 6:40. గాలి పడమర నుంచి, మెల్లగా. మర్రి ఆకులు మాత్రమే కదులుతున్నాయి. మూడు నిమిషాలకోసారి కొంచెం నైరుతికి తిరిగి మళ్లీ వెనక్కి వస్తోంది. ఏడు గాలి తెరలు ముందే చెప్పడానికి చూశాను, ఐదు సరిపోయాయి.